ఇంట్లో ఎవరికెంత తీరిక? ఇంటిపని పంచుకోవడానికి ఒక పద్ధతి

పొద్దున లేచిన దగ్గర్నుంచి రాత్రి పడుకునేదాకా ఏదో ఒకటి చేస్తూనే ఉండి, "ఇవాళంతా ఏం చేశావు?" అని ఎవరైనా అడిగితే చెప్పడానికి ఒక్కటీ గుర్తురాని ఆడవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. "నేనూ చేస్తూనే ఉన్నా కదా, ఇంకా ఎందుకు చిరాకు పడుతోంది?" అని నిజంగానే అర్థం కాక బుర్ర గోక్కునే మగవాళ్ళ కోసం కూడా. ఇద్దరూ కలిసి చదివితే మంచిది. ఒక్కరే చదివినా పనవుతుంది, కాకపోతే ఓపిక కాస్త ఎక్కువ కావాలి.

అసలు సంగతి ముందే చెప్పేస్తా. ఇంటిపని పంచుకోవాలి అనగానే చాలామంది ఒక జాబితా రాసి, గీత గీసి, ఇటువి నీకు అటువి నాకు అనుకుంటారు. కొన్నాళ్ళకి ఆ కాగితం ఫ్రిజ్ తలుపు మీద అలాగే ఉంటుంది, పనులు మాత్రం మళ్ళీ పాత చేతుల్లోకే వచ్చేస్తాయి. ఎవరు ఎన్ని పనులు చేస్తున్నారన్నది కాసేపు పక్కనపెట్టి, వారంలో ఎవరికెంత తీరిక దొరుకుతోందో కొలవండి. తీరిక అంటే ఎవరూ పిలవని, ఏ పనీ బుర్రలో తిరగని సమయం. ఒకరికి రోజూ సాయంత్రం రెండు మూడు గంటలు దొరికి, ఇంకొకరికి అందరూ పడుకున్నాక అరగంట దొరుకుతుంటే, జాబితా ఎంత ముచ్చటగా ఉన్నా ఆ ఇంట్లో లెక్క తేడాగా ఉన్నట్టే.

ఈ కొలత ఎవరికైనా పనికొస్తుంది. ఇద్దరూ ఉద్యోగాలు చేస్తున్నా, ఒకరే చేస్తున్నా, ఒకరి జీతం ఇంకొకరి జీతానికి నాలుగింతలున్నా సరే. బయట పనిచేసి వచ్చినవాళ్ళ అలసట అబద్ధమని ఎవరూ అనరు. కానీ అదే సమయంలో ఇంట్లో ఉన్నావిడ కూడా పని చేస్తూనే ఉంది, కాబట్టి ఇద్దరి పనిగంటలూ అయిపోయాక మిగిలిన దాన్ని ఇద్దరూ పంచుకోవాలి. చాలా ఇళ్ళల్లో ఆయన పని సాయంత్రానికి అయిపోతుంది, ఆవిడ పనికి మాత్రం అయిపోవడం అనేదే ఉండదు.

ఏది పనో ముందు తేల్చుకోండి

గొడవలు సగం ఇక్కడే మొదలవుతాయి. "పిల్లాడితో కూర్చోవడం కూడా పనేనా?" అంటారు. దీనికి 1934లోనే అమెరికా ఆర్థికవేత్త మార్గరెట్ రీడ్ ఒక తేలికైన పరీక్ష చెప్పారు. మీరు చేస్తున్నదాన్ని డబ్బిచ్చి ఇంకొకరితో చేయించుకోవడానికి వీలుంటే అది పని. మీ బదులు వేరేవాళ్ళు నిద్రపోలేరు, మీ బదులు సినిమా చూడలేరు. కానీ మీ బదులు వంట చేయగలరు, గిన్నెలు తోమగలరు, మంచాన పడ్డ మనిషిని పక్కకి తిప్పగలరు, పిల్లాడి చేత హోంవర్క్ చేయించగలరు. అంటే ఇవన్నీ పనే, ప్రేమతో చేసినా పనే. సరిగ్గా ఆ 1934లోనే సైమన్ కుజ్నెట్స్ అమెరికా జాతీయాదాయం లెక్కగట్టి వాళ్ళ సెనేట్‌కి ఇచ్చిన నివేదికలో ఇల్లాళ్ళ చాకిరీని కలపలేదు. ఈ రోజుకీ జీడీపీ లెక్క అలాగే నడుస్తోంది. 2013లో అంతర్జాతీయ కార్మిక గణాంక నిపుణుల సదస్సు, జీతం లేని ఇంటి పనీ సంరక్షణా కూడా 'పని' నిర్వచనంలోకే వస్తాయని తీర్మానించింది. అయినా ఫారాల్లో 'వృత్తి' అని ఉన్నచోట 'ఏమీ లేదు' అని రాసే ఆడవాళ్ళు ఇప్పటికీ కోకొల్లలు.

మీ ఇంట్లో ఏ విషయం మీదైనా పనా, సరదానా అని వాదన వస్తే రీడ్ పరీక్ష పెట్టి చూడండి. ఒక్కటి మాత్రం గమనించండి. పిల్లల పనుల్లో పార్కుకి తీసుకెళ్ళడం, ఆడించడం లాంటివి నాన్నకి, స్నానం, గోళ్ళు, జ్వరం, అలక లాంటివి అమ్మకి పడిపోవడం మామూలు. రెండూ పనే, కానీ ఒకదాంట్లో నవ్వులున్నాయి.

డైరీ రాయండి, ఎవరిది వాళ్ళే

ఒక మామూలు రోజు, ఒక సెలవురోజు ఎంచుకోండి. కాగితం మీద ఒక్కో రోజుకి అరగంట చొప్పున 48 గళ్ళు గీయండి, తెల్లవారుజామున 4 గంటల నుంచి మర్నాడు తెల్లవారుజామున 4 దాకా. భారత ప్రభుత్వం చేసే టైమ్ యూజ్ సర్వే కూడా సరిగ్గా ఇలాగే లెక్క తీస్తుంది. ఒక్కో గడికి ఎదురుగా మూడు విషయాలు రాయండి: ఏం చేస్తున్నారు, అదే సమయంలో ఇంకేం జరుగుతోంది, అది తీరికేనా.

రెండో విషయం వదిలేస్తే డైరీ దండగ. టీవీ చూస్తూ బట్టలు మడతపెడితే ఆయన టీవీ చూసిన అరగంటా ఆవిడ టీవీ చూసిన అరగంటా ఒకటే అయిపోతాయి. ఇంకో రకం కూడా ఉంటుంది, పైకి అస్సలు కనబడదు. పక్కగదిలో పసిపాప నిద్రపోతోంది, మీరు సోఫాలో కూర్చుని ఫోన్ చూసుకుంటున్నారు, కానీ చెవి ఆ గది వైపే ఉంది, చిన్న కదలిక వినబడినా లేవాల్సింది మీరే. అది కాపలా. దాన్ని తీరిక కింద రాయకండి. మీ పక్కనే కూర్చుని ఉన్న ఇంకో మనిషి ఆ ఏడుపు వినబడేదాకా దాని గురించి ఆలోచించకపోతే, ఆయన గడిలో మాత్రం తీరిక అని రాయొచ్చు.

ఎవరి డైరీ వాళ్ళే ఎందుకు రాయాలంటే, ఎదుటివాళ్ళ పని మన కంట పడదు. 1979లో కెనడాకి చెందిన మనస్తత్వ శాస్త్రవేత్తలు మైఖేల్ రాస్, ఫియోరె సికోలీ కొందరు భార్యాభర్తల్ని విడివిడిగా అడిగారు, ఇంటి పనుల్లో మీ వాటా ఎంత అని. చాలా జంటల్లో ఇద్దరూ చెప్పింది కూడితే నూటికి మించింది. ఎవరూ కావాలని అబద్ధమాడలేదు, తాము చేసింది గుర్తుంటుంది, పక్కవాళ్ళు చేసింది గుర్తుండదు, అంతే. ఇది ఆడవాళ్ళకీ వర్తిస్తుంది. అందుకే "నేనొక్కదాన్నే అన్నీ చేస్తున్నా" అనే మాటతో మొదలుపెట్టకండి, ఆ మాట నూటికి తొంభై పాళ్ళు నిజమైనా సరే, ఆయన వెంటనే మిగిలిన పది పాళ్ళు పట్టుకుని వాదిస్తాడు. గళ్ళు నింపిన కాగితాలు పక్కపక్కన పెడితే ఆ వాదనకి చోటుండదు.

ఇది మీ ఒక్క ఇంటి గొడవే అనుకుని కుమిలిపోకండి. 2018లో అంతర్జాతీయ కార్మిక సంస్థ 64 దేశాల సమయ లెక్కలు కలిపి చూస్తే, ప్రపంచంలో జీతం లేని సంరక్షణ, ఇంటి పని రోజుకి 1,640 కోట్ల గంటలు జరుగుతోందని, అందులో 76.2 శాతం ఆడవాళ్ళదేనని తేలింది. సగటున ఆడవాళ్ళు రోజుకి 4 గంటల 25 నిమిషాలు, మగవాళ్ళు 1 గంట 23 నిమిషాలు. మన దేశంలో 2024 టైమ్ యూజ్ సర్వే ప్రకారం, ఇంటి పనులు చేశామన్న వాళ్ళలో ఆడవాళ్ళు రోజుకి 289 నిమిషాలు, మగవాళ్ళు 88 నిమిషాలు. అసలు ఏ పనీ ముట్టుకోని మగవాళ్ళు ఈ 88లో లెక్కకే రారని గుర్తుపెట్టుకోండి.

బుర్రలో నడిచే పని

డైరీలో కూడా పట్టుబడనిది ఒకటుంది. బట్టలు ఉతకడమే తీసుకోండి. మెషిన్ బటన్ నొక్కేముందు బుట్ట నిండిందని ఎవరో ఒకరు గమనించాలి. జేబుల్లో చేయి పెట్టి చూడాలి, చిల్లర, నలిగిన రసీదు, ఒక్కోసారి పెన్ను, ఆ పెన్ను చూసుకోకపోతే అన్ని బట్టలకీ సిరా. రంగు పోయేవి వేరే తీయాలి. సబ్బుపొడి ఇంకో రెండుసార్లకే వస్తుందని తెలిసుండాలి. మబ్బు పట్టింది, ఇవాళ వేయాలా రేపు వేయాలా, రేపు వేస్తే సోమవారానికి యూనిఫాం ఆరుతుందా? ఆరినవి తీయాలి, మడతపెట్టాలి, ఎవరి అరలో వాళ్ళవి సర్దాలి, సర్దుతూ సర్దుతూ చిన్నోడి ప్యాంటు చీలమండ పైకి వచ్చేసిందని చూసి కొత్తది కొనాలని బుర్రలో రాసుకోవాలి. ఇంత తతంగంలో బటన్ నొక్కడం ఒక్కటీ చేసిన మనిషి "మా ఇంట్లో బట్టలు నేనే ఉతుకుతా" అని నలుగురిలో చెప్పుకోవచ్చు, అదేం అబద్ధమూ కాదు!

అమెరికా సోషియాలజిస్ట్ అలిసన్ డామింగర్ 35 జంటలతో మాట్లాడి 2019లో ఒక పరిశోధన ప్రచురించారు. ఈ బుర్రపనిని ఆవిడ నాలుగు ముక్కలు చేశారు: అవసరం వస్తుందని ముందే పసిగట్టడం, ఏం చేయొచ్చో వెతకడం, నిర్ణయం తీసుకోవడం, అనుకున్నట్టు జరిగిందో లేదో చూసుకోవడం. వీటిలో నిర్ణయం తీసుకోవడం మటుకు భార్యాభర్తలిద్దరూ పంచుకుంటున్నారు. మొదటిదీ చివరిదీ ఎక్కువగా ఆడవాళ్ళ మీదే పడుతున్నాయి. పిల్లని ఏ స్కూల్లో వేయాలి అన్న దగ్గర ఇద్దరూ ఉంటారు, అడ్మిషన్ ఫారాలు ఎప్పుడిస్తారో కనుక్కున్నదీ ఫీజు కట్టిన రసీదు జాగ్రత్త చేసిందీ ఒక్కరే. పెత్తనం దొరికే ముక్క ఇద్దరిదీ, పేరు రాని ముక్కలు ఆవిడవి.

కాబట్టి "ఏం చేయాలో చెప్పు, చేస్తా" అన్న మాట విని సంబరపడిపోకండి. చెప్పడం కూడా పనే. ఎప్పుడు చెప్పాలో గుర్తుపెట్టుకోవడం, చెప్పాక అయిందా అని చూడటం, కాకపోతే సణుగుతున్నట్టు వినిపించకుండా మళ్ళీ చెప్పడం, ఇదంతా మీ నెత్తి మీదే ఉండిపోతుంది.

మొత్తం పని అప్పగించండి

ఈ పద్ధతిలో అసలైన మెట్టు ఇదే. పనిలో ఒక ముక్క ఇవ్వకండి, గమనించడం దగ్గర్నుంచి ముగించడం దాకా మొత్తం ఇచ్చేయండి. మాట ఇలా ఉండాలి:

"ఇకనుంచి బట్టల సంగతి నువ్వే చూసుకో. ఉతకడం, మడతపెట్టడం, సబ్బుపొడి తేవడం, సోమవారానికి యూనిఫాం ఉందో లేదో చూడటం, అన్నీ."

"సరే, ఏ రోజు వేయాలో చెప్పు మరి."

"అది కూడా నువ్వే."

ఈ చివరి మాట అనడం చాలా కష్టం, నోటిదాకా జవాబు వచ్చేస్తుంది. ఆపుకోండి. భర్తని 'మీరు' అని పిలిచే ఇళ్ళల్లో కూడా ఇదే మాట, ఇంకాస్త మెత్తగా: "అది కూడా మీ ఇష్టమేనండీ, మీరెలా చేస్తే అలా."

ఇచ్చేముందు ఎలా చేస్తే సరిపోతుందో ఇద్దరూ కలిసి ఒప్పుకోండి, ఒకటి రెండు వాక్యాల్లో రాసుకోండి కూడా. గిన్నెల పని అయితే, "రాత్రి పడుకునేలోపు సింకు ఖాళీగా ఉండాలి, గట్టు తుడిచి ఉండాలి." అంతే. గిన్నెలు ఏ వరసలో బోర్లించారు, తువ్వాలు మూడు మడతలా నాలుగు మడతలా అన్నది మీకు సంబంధం లేదు. ఇక్కడ ఆడవాళ్ళకి ఒక మాట చెప్పక తప్పదు. ఆయన ఊడ్చాక మీరు మళ్ళీ ఊడిస్తే, పిల్లకి ఆయన వేసిన జడ విప్పి మీరు మళ్ళీ వేస్తే, ఆ పని మీకు తిరిగి వచ్చేస్తుంది, అదీ వెంటనే. వంకర జడతో స్కూలుకెళ్తే పిల్లకేం కాదు.

మరి ఆయన మర్చిపోతే? సోమవారం యూనిఫాం తడిగానే ఉంటే? ఆ పొద్దున హడావుడి ఆయనే పడాలి, హెయిర్ డ్రయ్యరో ఇస్త్రీపెట్టో పట్టుకుని. మీరు కాఫీ తాగుతూ కూర్చోవాలని నేననను, కానీ లేచి వెళ్ళి పెట్టె లాక్కోకండి. మందులు, పసిపిల్లల భద్రత, గ్యాస్, గడువు దాటితే నష్టం వచ్చే బాకీలు, ఈ నాలుగు విషయాల్లో మాత్రం కొంతకాలం ఇద్దరూ చూసుకోండి. మిగతావన్నీ చెడిపోతే చెడిపోనీయండి.

"నాకు రాదు" అనే మాట ఒకసారి అంటే నేర్పండి, దగ్గరుండి, వెక్కిరించకుండా. రెండోసారీ అదే పనికి అదే మాట వస్తే అది రాకపోవడం కాదని ఇద్దరికీ తెలుసు.

గడియారానికి కట్టేసిన పనులు

ఏ పనులు అప్పగించాలి అన్నదాంట్లో ఒక మెలిక ఉంది. కొన్ని పనులు వాయిదా వేసుకోవచ్చు: బల్బు మార్చడం, బండి సర్వీసింగ్, కరెంటు బిల్లు, అటక సర్దడం. కొన్ని వేయలేం: మూడుపూటలా తిండి, గిన్నెలు, పిల్లల్ని లేపి తయారుచేయడం, పెద్దవాళ్ళకి వేళకి మందులు. మొదటిరకం ఆదివారం ఎప్పుడో మనకి మూడ్ వచ్చినప్పుడు చేసుకోవచ్చు, రెండోరకం మన రోజుని ముక్కలు చేసేస్తుంది. మగవాళ్ళ చేతిలో ఎక్కువగా ఉండేది మొదటిరకం, ఆడవాళ్ళ చేతిలో రెండోరకం. జాబితాలో రెండువైపులా పదేసి పనులున్నా తీరిక ఒకవైపే ఎందుకు మిగులుతుందో ఇక్కడే తెలుస్తుంది.

అందుకని నియమం ఒక్కటే పెట్టుకోండి: ఇంట్లో పెద్దవాళ్ళు ఎంతమందుంటే అంతమందికీ, ఒంట్లో బాగున్నంతవరకు, రోజూ గడియారం ప్రకారం చేయాల్సిన పని కనీసం ఒక్కటైనా ఉండాలి. బల్బులు ఎన్ని మార్చినా దానికి బదులు కాదు.

మాట ఎప్పుడు ఎత్తాలి

సింకు నిండా గిన్నెలు చూసి ఒళ్ళుమండినప్పుడు ఎత్తకండి. ఆ క్షణంలో మీరు ఏం మాట్లాడినా "ఇప్పుడేంటి, గిన్నెలు తోమాలా? తోముతాలే" అన్నదగ్గర ఆగిపోతుంది, అసలు విషయం గిన్నెల కింద పడిపోతుంది. పిల్లలు లేనప్పుడు, ఇద్దరి కడుపూ నిండి ఉన్నప్పుడు, డైరీ కాగితాలు ముందు పెట్టుకుని కూర్చోండి. నిందతో కాకుండా కోరికతో మొదలుపెట్టండి. "నాకు వారంలో రెండు సాయంత్రాలు పూర్తిగా నావి కావాలి, ఆ రెండు రోజులు ఇల్లు నువ్వు చూసుకోవాలి" అంటే అది ఒప్పుకోవడానికో బేరమాడటానికో వీలున్న మాట. "నీకు నేనంటే లెక్కే లేదు" అంటే దానికి ఎవరు మాత్రం ఏం జవాబిస్తారు?

తర్వాత వారానికోసారి పావుగంట కూర్చోండి. ఆ పావుగంటలో తీరిక గంటలు మాత్రమే సరిచూసుకోండి. తేడా గంటో రెండు గంటలో ఉంటే వదిలేయండి, మరీ పావలా లెక్కలు వేసుకుంటే కాపురం కాస్తా ఆడిట్ అయిపోతుంది. ఎప్పుడూ ఒకే మనిషికి తక్కువ పడుతుంటే మాత్రం ఇంకో పని చేతులు మారాలి.

ఇంట్లో అత్తయ్యా మామయ్యా ఉంటే ఇంకో చిక్కు. "మా అబ్బాయి చేత గిన్నెలు తోమిస్తున్నావా?" అని ప్రశ్న కోడలికి వస్తుంది, పని చేస్తున్నది మాత్రం కొడుకు. జవాబు కూడా కొడుకే చెప్పాలి, తల్లితోనే, ఆవిడ ముందే: "అమ్మా, ఈ పని నాది, నేనే తీసుకున్నా." కోడలు నోరు విప్పాల్సిన అవసరం రాకూడదు. ఈ ఒక్క వాక్యం అనలేని మనిషి ఎన్ని గిన్నెలు తోమినా దాని ఖరీదు భార్యే కడుతుంది.

ఒక రోజు ఇంట్లో ఉండకండి

కాగితాలతో పని కాకపోతే ఇది చేయండి. ఫ్రిజ్‌లో ఏమీ వండిపెట్టకుండా, గోడ మీద సూచనలు అంటించకుండా, ఒక పూర్తి రోజు బయటికి వెళ్ళిపోండి. ఫోన్ దగ్గర ఉంచుకోండి, ప్రాణం మీదికొస్తే తప్ప ఎత్తనని ముందే చెప్పండి. ఇంట్లో వాళ్ళ మీద కోపంతో వెళ్తున్నట్టు వెళ్ళకండి, సెలవు తీసుకున్నట్టు వెళ్ళండి.

ఐస్‌లాండ్‌లో 1975 అక్టోబర్ 24న ఆ దేశపు ఆడవాళ్ళలో దాదాపు 90 శాతం మంది ఇదే చేశారు, ఆఫీసుకీ వెళ్ళలేదు, ఇంట్లోనూ పని ముట్టుకోలేదు. స్కూళ్ళు, చేపల ఫ్యాక్టరీలు ఆగిపోయాయి, తండ్రులు పిల్లల్ని వెంటబెట్టుకుని ఆఫీసులకి వెళ్ళారు. మరుసటి ఏడాదే అక్కడ సమానత్వ చట్టం వచ్చింది. 2023 అక్టోబర్ 24న మళ్ళీ సమ్మె చేస్తే అప్పటి మహిళా ప్రధాని కాట్రిన్ యాకబ్స్‌డాటిర్ కూడా ఆ రోజు పనిలోకి వెళ్ళలేదు. మీ ఇంట్లో చట్టాలేమీ రావు లెండి, కానీ మర్నాడు ఆయన అడిగే ప్రశ్నలు వినండి. "దాని యూనిఫాం బెల్టు ఎక్కడుంటుంది?" లాంటి ప్రశ్నలు ఎన్ని వస్తే అంత పని మీ బుర్రలో ఉందన్నమాట. ఆ ప్రశ్నలన్నీ రాసుకుంటే తర్వాత అప్పగించాల్సిన పనుల జాబితా తయారైనట్టే.

పసిబిడ్డ ఉన్న ఇంట్లో ఇదే సూత్రం ఇంకాస్త చిన్నగా: తండ్రి బిడ్డతో ఒంటరిగా ఉండాలి, అమ్మ పక్కగదిలో ఉండకూడదు. నార్వే 1993లో తండ్రులకి మాత్రమే చెందే సెలవు పెట్టింది, తండ్రి వాడుకోకపోతే మామూలుగా ఆ వారాలు పోయినట్టే, తల్లికి బదిలీ కావు. ఒంటరిగా ఉన్నప్పుడే ఏ ఏడుపు ఆకలిదో ఏది నిద్రదో చెవికి పడుతుంది.

మెషిన్లు, పనివాళ్ళు

మెషిన్లు కొనండి, నేను వద్దనను, కానీ వాటితో తీరిక దానంతటదే వచ్చేయదు. 1974లో పరిశోధకురాలు జోఆన్ వానెక్ అమెరికా లెక్కలు తీసి చూపించారు: ఉద్యోగం చేయని ఇల్లాళ్ళు 1920ల్లో వారానికి ఎన్ని గంటలు ఇంటిపని చేసేవాళ్ళో, వాషింగ్ మెషిన్లూ వ్యాక్యూమ్ క్లీనర్లూ వచ్చాక 1960ల్లో కూడా తగ్గకుండా అన్నే గంటలు చేస్తున్నారు. కారణం ఏంటంటే బట్టలు ఎక్కువగా కొన్నారు, ఎక్కువసార్లు ఉతికారు. మెషిన్ కొన్నప్పుడే అది మిగిల్చే సమయం ఎవరిదో మాట్లాడుకోండి.

పనివాళ్ళని పెట్టుకుంటే కొంత భారం దిగుతుంది, కానీ అది చాలావరకు ఇంకో ఆడమనిషి మీదకి దిగుతుంది. ఆవిడ రాని రోజు ఏం చేయాలి, జీతం ఎప్పుడివ్వాలి, ఏం చేయమని చెప్పాలి, ఇది కూడా ఒక మొత్తం పనే, దాన్ని భర్తకి అప్పగించొచ్చు. ఇంటి పనివాళ్ళకి వారానికి వరసగా కనీసం 24 గంటలు విశ్రాంతి ఉండాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011 నాటి 189వ ఒప్పందం చెబుతుంది. మన తీరిక గురించి మాట్లాడుకుంటూ ఆవిడ సెలవు అడిగితే మొహం మాడ్చుకోవడం బాగుండదు.

పిల్లలకి పని చెప్పేటప్పుడు

2016లో యూనిసెఫ్ లెక్క ప్రకారం 5 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలు ఆ వయసు మగపిల్లల కంటే 40 శాతం ఎక్కువ సమయం ఇంటిపనిలో గడుపుతున్నారు. కాబట్టి ఇంట్లో అక్కాతమ్ముళ్ళు ఉంటే ఎన్ని పనులు చెబుతున్నారన్నది ఒక్కటే కాకుండా, ఎవరికి ఏ రకం చెబుతున్నారో చూసుకోండి. తమ్ముడికి బయటికెళ్ళి ఏదో తెచ్చే పని, అక్కకి రోజూ గిన్నెలు సర్దే పని పడితే పెద్దవాళ్ళ కథే చిన్నసైజులో జరుగుతున్నట్టు. నెలనెలా మార్చండి. మగపిల్లాడు చేస్తే చప్పట్లు, ఆడపిల్ల చేస్తే మామూలు అన్నట్టు ఉండకూడదు, ఇద్దరికీ ఒకే మెచ్చుకోలు, లేదా ఇద్దరికీ ఏమీ వద్దు.

డబ్బు సంగతి వదలకండి

అంతర్జాతీయ కార్మిక సంస్థ 2024లో ఇచ్చిన అంచనా ప్రకారం సంరక్షణ బాధ్యతల వల్ల ఉద్యోగాలకి దూరంగా ఉన్న ఆడవాళ్ళు ప్రపంచంలో 70.8 కోట్ల మంది, మగవాళ్ళు 4 కోట్లు. ఉద్యోగం మానేసినప్పుడు పోయేది ఆ నెల జీతం ఒక్కటే అయితే ఫర్వాలేదు. ఇంక్రిమెంట్లు, పెన్షన్, పొదుపు, మళ్ళీ చేరదామంటే దొరకని స్థానం, ఇవన్నీ పోతాయి. అందుకే ఇంట్లో ఎవరైనా పని మానేసి ఇల్లు చూసుకోవాలని అనుకుంటే, అనుకున్న రోజే మూడు విషయాలు తేల్చుకోండి: ఆ మనిషి పేరు మీద నెలనెలా ఎంత పొదుపు పడుతుంది, కొనే ఆస్తిలో పేరు ఉంటుందా, మళ్ళీ ఉద్యోగంలోకి వెళ్ళాలనుకుంటే ఇంటిపని ఎలా మారుతుంది. ఈ పొదుపుని దయ అనో చేతిఖర్చు అనో పిలవనివ్వకండి, అడిగి తీసుకునేలా కూడా పెట్టుకోకండి, జీతం పడిన రోజే దానంతటదే వెళ్ళిపోయేలా బ్యాంకులో పెట్టేయండి.

ఇంటిపనికి వెల కట్టలేం అనే మాట వినడానికి గౌరవంగా ఉంటుంది, తీరా చూస్తే చేతికి ఏమీ రాదు. కోర్టులు వెల కడుతూనే ఉన్నాయి. 2021 జనవరిలో రోడ్డు ప్రమాద పరిహారం కేసులో తీర్పిస్తూ సుప్రీంకోర్టు, ఇల్లాలి పనికి ఆదాయం లెక్కగట్టాల్సిందేనని చెప్పింది. జస్టిస్ ఎన్.వి. రమణ ఆ తీర్పులో 2019 టైమ్ యూజ్ సర్వే లెక్కనే ఎత్తి చూపారు, ఆడవాళ్ళు రోజుకి 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు అని. పైన చెప్పిన అరగంట గళ్ళే అక్కడిదాకా వెళ్ళాయి. 2023లో స్పెయిన్‌లో ఒక విడాకుల కేసులో కోర్టు 25 ఏళ్ళ ఇంటిపనికి కనీస వేతనం లెక్కన 2 లక్షల యూరోలకి పైగా ఇవ్వమంది. అయితే గమనించండి, ఒకచోట మనిషి చనిపోయాక, ఇంకోచోట పెళ్ళి పోయాక. కాపురం నిక్షేపంగా ఉండగా లెక్క వేసుకోవాల్సింది మీరిద్దరే.

ఈ పద్ధతి పనికిరాని ఇళ్ళు కూడా ఉన్నాయి. మాట ఎత్తితే చేయి లేస్తుందనో, డబ్బు ఆపేస్తాడనో భయం ఉన్నచోట డైరీలు, బేరాలు పెట్టుకోకండి. ముందు మీ భద్రత, మీరు నమ్మే ఒక మనిషి, మీ దగ్గర్లో ఉన్న మహిళా హెల్ప్‌లైన్. పనుల పంపకం సంగతి తర్వాత.

ఒకసారి కుదుర్చుకున్న పంపకం ఎప్పటికీ ఉంటుందని అనుకోవద్దు. బిడ్డ పుట్టినప్పుడు, ఉద్యోగం మారినప్పుడు, ఇంట్లో పెద్దవాళ్ళకి జబ్బు చేసినప్పుడు డైరీ మళ్ళీ మొదటి గడి నుంచి రాయండి. అందరూ మర్చిపోయేది రిటైర్మెంట్. ఆయనకి ఆ రోజుతో పని ఆగిపోతుంది, ఆవిడకి మర్నాడు ఇంట్లో మధ్యాహ్నం భోజనానికి ఇంకో మనిషి పెరుగుతాడు. రిటైరయ్యే నెలలోనే కూర్చుని, గడియారం ప్రకారం జరిగే పనుల్లో కనీసం రెండు, ఒక పూట వంటతో కలిపి, ఆయన పేరు మీదకి మార్చుకోండి.